ఉస్మానియా విశ్వవిద్యాలయంలో భౌతిక, ఖగోళశాస్త్ర పరిశోధన

హైదరాబాదులోని ఉస్మానియా విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్ర విభాగం, ఖగోళశాస్త్ర విభాగం దాదాపు వందేళ్లుగా సాగించిన పరిశోధన ఈ వ్యాస విషయం. స్ఫటికాల ధర్మాలు, కాంతి పరిక్షేపణ, అతిధ్వనులు, అయస్కాంత పదార్థాలు, నక్షత్రాల స్థానాలు, జంట నక్షత్రాల కాంతి మార్పులు ఇందులో ముఖ్యమైనవి. విశ్వవిద్యాలయ ప్రధాన ప్రాంగణం నగరానికి తూర్పున అడిక్‌మెట్ దగ్గర ఉంది. ఈ పరిశోధనలో అన్నిటికంటే పాత శాఖ పుట్టింది మాత్రం అక్కడ కాదు. అమీర్‌పేట, పంజగుట్టలను ఆనుకుని బేగంపేటలో ఉన్న నిజామియా వేధశాలలో అది పెరిగింది.

నిర్వచనం, పరిధి

విశ్వవిద్యాలయ భౌతికశాస్త్ర విభాగంలో పరిశోధన మూడు పనులుగా ఉంటుంది. ప్రకృతిలో ఒక రాశిని ఇంతకు ముందు కొలిచినదానికంటే కచ్చితంగా కొలవడం మొదటిది. కొలిచిన రాశులకు గణితపరమైన కారణం చెప్పడం రెండోది. ఆ కొలతకు కావలసిన పరికరాన్ని, నమూనాను తయారుచేసుకోవడం మూడోది. జాతీయ ప్రయోగశాలల్లోనూ ఇవే జరుగుతాయి. విశ్వవిద్యాలయంలో ఈ పనులు బోధనతో కలిసి నడుస్తాయి. పరిశోధకుల్లో ఎక్కువమంది విద్యార్థులే కావడం, ఒక్కొక్కరు నాలుగైదేళ్లుండి సిద్ధాంత గ్రంథం సమర్పించి వెళ్లిపోవడం ఇక్కడి ప్రత్యేకత. అందుకే ఒక విభాగం చరిత్రలో పరిశోధనాంశాలు గురుశిష్య పరంపరలుగా కనిపిస్తాయి. ఒక ఆచార్యుడు తెచ్చిన పద్ధతి ఆయన శిష్యుల ద్వారా ఇతర కళాశాలలకూ, ఇతర విశ్వవిద్యాలయాలకూ పాకుతుంది. ఉస్మానియాలో స్ఫటిక భౌతికశాస్త్రం ఇలాగే విస్తరించింది.

ఖగోళశాస్త్రానికి ఉస్మానియాలో ప్రత్యేక విభాగం ఉంది. పరిపాలనాపరంగా వేరైనా, విషయపరంగా అది భౌతికశాస్త్రంలో భాగమే కనుక ఈ వ్యాసంలో రెంటినీ కలిపి చెప్పడమైంది.

చరిత్ర

ఫిసల్‌బండ నుంచి బేగంపేటకు

నిజామియా వేధశాల ఒక వ్యక్తి అభిరుచితో మొదలైంది. హైదరాబాదు సంస్థానంలోని ఉన్నత వంశీకుడు నవాబు జాఫర్ జంగ్ 1901లో ఇంగ్లండు నుంచి 15 అంగుళాల గ్రబ్ దూరదర్శినిని తెప్పించి, పాతబస్తీ వైపున్న ఫిసల్‌బండ ఆవరణలో వేధశాల నెలకొల్పాడు. ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ అనుమతితో దానికి నిజామియా అని పేరు పెట్టాడు. తన తరవాత దాన్ని ప్రభుత్వం నడపాలన్నది ఆయన కోరిక. 1907లో ఆయన మరణించగా, 1908లో సంస్థాన ప్రభుత్వం వేధశాలను స్వాధీనం చేసుకుంది. ఆర్థర్ చాట్‌వుడ్ మొదటి సంచాలకుడుగా వచ్చి వేధశాలను బేగంపేటకు మార్చాడు. అప్పటికి బేగంపేట, అమీర్‌పేట, పంజగుట్ట నగరం వెలుపలి ఊళ్లు. ఎత్తైన నేల, తెరపి ఆకాశం, చీకటి రాత్రులు అక్కడ దొరికాయి. 1909లో నక్షత్రాలను ఫొటో తీసే 8 అంగుళాల కుక్ ఆస్ట్రోగ్రాఫు అక్కడ సిద్ధమైంది.

1914లో సంచాలకుడుగా వచ్చిన రాబర్ట్ పోకాక్ ఆక్స్‌ఫర్డ్‌లో హెచ్.హెచ్. టర్నర్ దగ్గర శిక్షణ పొందినవాడు. 1918లో పోకాక్ మరణించడంతో టి.పి. భాస్కరన్ బాధ్యత తీసుకున్నాడు. ఈ వేధశాలకు భారతీయ సంచాలకుల్లో ఆయన మొదటివాడు. 1944 దాకా, అంటే పాతికేళ్లకు పైగా, ఆ పదవిలో కొనసాగాడు. జాఫర్ జంగ్ తెప్పించిన గ్రబ్ దూరదర్శిని ఆయన హయాంలో, 1922లో వినియోగంలోకి వచ్చింది. దానితో చర నక్షత్రాలను, అంటే వెలుగు హెచ్చుతగ్గులయ్యే తారలను, పరిశీలించారు.

ఉస్మానియా చేతికి

ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ 1917లో ఫర్మానా జారీ చేయగా, ఉస్మానియా విశ్వవిద్యాలయం తరగతులు 1919లో గన్‌ఫౌండ్రీ ప్రాంతంలోని అద్దె భవనాల్లో మొదలయ్యాయి. అదే ఏడు నిజామియా వేధశాల విశ్వవిద్యాలయం కిందికి వచ్చింది. తరగతులు మొదలైన ఏడే ఉస్మానియాకు అంతర్జాతీయ స్థాయిలో పనిచేస్తున్న పరిశోధన సంస్థ ఒకటి దక్కిందన్నమాట.

ఉస్మానియాలో మొదట బోధనభాష ఉర్దూ. భౌతికశాస్త్రాన్ని పట్టభద్ర స్థాయి దాకా ఒక భారతీయ భాషలో బోధించడం కోసం అనువాద కేంద్రమైన దారుల్ తర్జుమా పాఠ్యగ్రంథాలను, పారిభాషిక పదాలను తయారుచేసింది. ఈ ప్రయత్నం గురించి భాషా చరిత్రల్లో విస్తారంగా రాశారు. శాస్త్ర చరిత్రలో దానికి దక్కవలసినంత చోటు దక్కలేదు. లైప్‌జిగ్‌లో హైసెన్‌బర్గ్ దగ్గర పరిశోధన చేసి 1930 ప్రాంతంలో తిరిగివచ్చిన హైదరాబాదీ మహమ్మద్ రజియుద్దీన్ సిద్దిఖీ, కొత్తగా పుట్టిన క్వాంటం యాంత్రిక శాస్త్రాన్ని ఈ ఉర్దూ మాధ్యమ విశ్వవిద్యాలయానికి తీసుకొచ్చాడు. ఆయన గణితాచార్యుడు. 1950లో పాకిస్తాన్‌కు వెళ్లాడు. 1948లో హైదరాబాదు సంస్థానం భారత యూనియన్‌లో కలిసిన తరవాత బోధన ఇంగ్లీషులోకి మారింది.

భగవంతం కాలం

ఉస్మానియా భౌతికశాస్త్ర విభాగ చరిత్రలో సూరి భగవంతం రాక పెద్ద మలుపు. 1909లో కృష్ణా జిల్లా ఆగిరిపల్లిలో పుట్టిన ఆయన హైదరాబాదు నిజాం కళాశాలలో చదివాడు. కలకత్తా వెళ్లి సి.వి. రామన్ దగ్గర చేరాడు. కాంతి కణమైన ఫోటాన్‌కు భ్రమణం ఉంటుందని ప్రయోగపూర్వకంగా చూపిన 1931 నాటి పరిశోధన రామన్, భగవంతం కలిసి చేసినది. తరవాత ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో ఆచార్యుడై వాల్తేరును కాంతి పరిక్షేపణకు, అతిధ్వనుల పరిశోధనకు కేంద్రంగా మలిచాడు. 1940లో కాంతి పరిక్షేపణ, రామన్ ఫలితాలపై ఒక గ్రంథం, 1948లో టి. వెంకటరాయుడుతో కలిసి సమూహ సిద్ధాంతాన్ని భౌతిక సమస్యలకు అన్వయించే మరో గ్రంథం వెలువరించాడు. రెండోది దేశ విదేశాల్లో చాలాకాలం పాఠ్యగ్రంథంగా నిలిచింది.

ఆ తరవాత ఆయన ఉస్మానియాలో భౌతిక ప్రయోగశాలల సంచాలకుడయ్యాడు. 1952 నుంచి 1957 వరకు ఉపకులపతిగా ఉండి, అక్కణ్నుంచి బెంగుళూరు భారతీయ విజ్ఞాన సంస్థకు సంచాలకుడుగా, అటుపైన రక్షణమంత్రికి శాస్త్ర సలహాదారుగా వెళ్లాడు. ఉస్మానియాలో ఆయన గడిపిన కాలం పదేళ్లకు లోపే. విభాగంలో స్ఫటిక భౌతికశాస్త్రానికి పడిన పునాది ఆ కొద్ది కాలంలోనిదే.

వేధశాలలో 1944లో భాస్కరన్ తరవాత అక్బర్ అలీ సంచాలకుడయ్యాడు. బేగంపేటలో చీకటి తగ్గిపోతోందని గుర్తించి, నగరానికి దూరంగా పెద్ద దూరదర్శిని పెట్టాలని సంకల్పించి, అమెరికాలోని పిట్స్‌బర్గ్‌లో ఫెకర్ సంస్థకు 48 అంగుళాల పరావర్తన దూరదర్శినిని పురమాయించాడు. 1959లో ఖగోళశాస్త్ర విభాగం ఏర్పడింది. 1960లో అక్బర్ అలీ మరణించాడు. బర్క్‌లీలో డాక్టరేట్ పొందిన కె.డి. అభ్యంకర్ ఆయన స్థానంలోకి వచ్చాడు. 1964లో విశ్వవిద్యాలయ నిధుల సంఘం ఈ విభాగాన్ని ఖగోళశాస్త్రంలో ఉన్నతాధ్యయన కేంద్రంగా గుర్తించింది.

పరిశోధన రంగాలు

నక్షత్ర పట్టిక

1887లో పారిస్‌లో సమావేశమైన ఖగోళశాస్త్రజ్ఞులు ఆకాశం మొత్తాన్ని ఫొటో తీసి, పదకొండో తరగతి వెలుగు దాకా కనిపించే నక్షత్రాలన్నిటి స్థానాలను కొలవాలని నిర్ణయించారు. ప్రపంచంలో ఇరవైకి అటూ ఇటూగా వేధశాలలు ఆకాశాన్ని అడ్డ పట్టీలుగా పంచుకున్నాయి. ఖగోళ మధ్యరేఖకు దక్షిణంగా 17 నుంచి 23 డిగ్రీల పట్టీ మొదట చిలీలోని శాంటియాగోకు దక్కింది. అక్కడ పని సాగకపోవడంతో అది హైదరాబాదుకు వచ్చింది. తరవాత పోట్స్‌డామ్ పట్టీలో ఉత్తరంగా 36 నుంచి 39 డిగ్రీల భాగాన్ని కూడా నిజామియా చేపట్టింది. ఈ బృహత్కార్యంలో పాల్గొన్న భారతీయ వేధశాల ఇదొక్కటే.

హైదరాబాదు ఈ పనికి తగిన చోటు. 17.4 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీదినుంచి చూస్తే దక్షిణ పట్టీలోని తారలు అత్యంత ఎత్తుకు చేరే వేళ దిగంతం నుంచి సుమారు 50 నుంచి 56 డిగ్రీల ఎత్తున ఉంటాయి. లండన్‌లో అవే తారలు ఇరవై రెండు డిగ్రీలకు మించి లేవవు. మన పంచాంగంలోని అనూరాధ నక్షత్రపు తారల్లో కొన్ని ఆ దక్షిణ పట్టీలోకి, అభిజిత్తు ఉత్తర పట్టీలోకి వస్తాయి.

పని జరిగిన తీరు ఇది. ఒక్కొక్క గాజు ప్లేటు మీద ఆకాశంలో రెండు డిగ్రీల పొడవు, రెండు డిగ్రీల వెడల్పు గల చదరం పడుతుంది. ప్లేటు మీద ఒక మిల్లీమీటరు ఆకాశంలో ఒక నిమిష కోణానికి సమానం. నక్షత్రాలను తీసేముందో, తీసిన తరవాతో అదే ప్లేటు మీద ఐదేసి మిల్లీమీటర్ల ఎడంతో సన్నని గళ్లు ముద్రిస్తారు. కడిగినప్పుడు ఎమల్షన్ ఎక్కడైనా సాగినా ముడుచుకున్నా గళ్లు కూడా దానితోపాటే జరుగుతాయి కనుక దోషం పట్టుబడుతుంది. తరవాత ప్లేటును కొలత యంత్రంలో పెట్టి, సూక్ష్మదర్శిని కింద ప్రతి నక్షత్రపు చుక్కా ఏ గడిలో, గీతనుంచి ఎంత దూరంలో ఉందో చదివి రాయాలి. చుక్క వ్యాసాన్ని బట్టి వెలుగు అంచనా కడతారు. ప్రక్కప్రక్క ప్లేట్లు ఒకదానిమీదికి ఒకటి వచ్చేలా తీసినందువల్ల ప్రతి నక్షత్రం రెండు ప్లేట్లలో దొరుకుతుంది. ఒక కొలత తప్పితే రెండోది పట్టిస్తుంది.

దక్షిణ పట్టీకి 1914 నుంచి 1929 దాకా 1,260 ప్లేట్లు, ఉత్తర భాగానికి 1928 నుంచి 1938 దాకా 592 ప్లేట్లు తీశారు. ఏడు లక్షలకు మించిన నక్షత్ర స్థానాలు చేతి కొలతలతో, చేతి లెక్కలతో తేలి పన్నెండు సంపుటాలుగా అచ్చయ్యాయి. కొలిచినవారి పేర్లు, కొద్దిమందివి తప్ప, చరిత్రకెక్కలేదు.

అచ్చయిన తరవాత ఈ సంపుటాలు ప్రపంచమంతటా గ్రంథాలయాల్లో అర్ధశతాబ్దం అలాగే ఉన్నాయి. హిప్పార్కస్ ఉపగ్రహం 1989 నుంచి 1993 వరకు నక్షత్ర స్థానాలను అత్యంత కచ్చితంగా కొలిచాక వాటికి అసలు విలువ వచ్చింది. నక్షత్రం తన సొంత చలనంతో ఏడాదికి ఎంత జరుగుతుందో తెలియాలంటే ఎడం ఎక్కువగా ఉన్న రెండు కాలాల స్థానాలు కావాలి. ఉపగ్రహం ఇచ్చింది ఒక్క కాలపు స్థానం. మరొకటి పాత గాజు ప్లేట్లలో ఉంది. పాత కొలతలో సెకను కోణంలో పదో వంతో, ఐదో వంతో దోషమున్నా, డెబ్బై ఎనభై ఏళ్ల ఎడంతో భాగిస్తే ఏడాది చలనంలో దోషం సెకను కోణంలో వెయ్యింట ఒకటి నుంచి మూడు వంతులకు తగ్గిపోతుంది. అమెరికా నౌకాదళ వేధశాల ఈ పట్టీలన్నిటినీ కంప్యూటర్‌కెక్కించి తిరిగి గణించింది. 2000లో వెలువడిన టైకో-2 పట్టికలో ఇరవై ఐదు లక్షల నక్షత్రాల చలనాలకు ఈ కొలతలు ఆధారం. అందులో హైదరాబాదు పట్టీలూ ఉన్నాయి. ఈ విశ్వవిద్యాలయ విజ్ఞాన చరిత్రలో అన్నిటికంటే ఎక్కువకాలం పనికొచ్చిన ఫలితం ఇదే.

జంట నక్షత్రాలు, చర నక్షత్రాలు

48 అంగుళాల దూరదర్శిని 1968లో హైదరాబాదుకు ఆగ్నేయంగా సుమారు 55 కిలోమీటర్ల దూరంలో, నేటి రంగారెడ్డి జిల్లాలోని జపాల్, రంగాపూర్ గ్రామాల మధ్య పనిచేయడం మొదలుపెట్టింది. దానికి జపాల్-రంగాపూర్ వేధశాల అని పేరు. అక్కడ జరిగిన పనిలో ప్రధానమైనది గ్రహణ జంట నక్షత్రాల ఫొటోమెట్రీ.

ఒకదాని చుట్టూ ఒకటి తిరిగే రెండు తారల కక్ష్య మన చూపు దిశలోనే ఉంటే, ఒకటి మరొకదాన్ని నియమిత కాలంలో కప్పేస్తుంది. అప్పుడు మొత్తం వెలుగు తగ్గుతుంది. ఆ తగ్గుదలను ఫోటోమల్టిప్లయర్ గొట్టంతో కొలిచి గ్రాఫు గీస్తే తారల పరిమాణాలు, ఉష్ణోగ్రతల నిష్పత్తి తెలుస్తాయి. వర్ణపటంలో గీతల జరుగుబాటుతో వేగాలు తెలిస్తే ద్రవ్యరాశులు కూడా లెక్కకందుతాయి. నక్షత్రాన్ని నేరుగా తూచే ముఖ్యమైన దారుల్లో ఇదొకటి.

ఈ కేంద్రపు పేరు గ్రంథాల్లో నిలిపిన ఫలితాల్లో ఒకటి ఆర్ కేనిస్ మేజోరిస్‌కు సంబంధించినది. మృగవ్యాధుడు ఉన్న నక్షత్రరాశిలోనే ఉండే ఈ జంటలోని తారలు 1.136 రోజులకొకసారి ఒకదాని చుట్టూ ఒకటి తిరుగుతాయి. గ్రహణం వచ్చే సమయాలు కొన్ని దశాబ్దాలు ముందుకు, కొన్ని దశాబ్దాలు వెనక్కి జరుగుతున్నట్టు పరిశీలకులు గమనించారు. కె.ఆర్. రాధాకృష్ణన్, ఎం.బి.కె. శర్మ, అభ్యంకర్ 1984లో దీనికి కారణం కంటికి కనపడని మూడో తార అని ప్రతిపాదించారు. ఆ తారతో ఉమ్మడి ద్రవ్యకేంద్రం చుట్టూ తిరిగే క్రమంలో జంట ఒకసారి మనకు దగ్గరగా, ఒకసారి దూరంగా వస్తుంది. దూరమైనప్పుడు కాంతి చేరడానికి మరింత సమయం పడుతుంది. మూడో తార పరిభ్రమణ కాలం సుమారు 91 ఏళ్లని వారు లెక్కకట్టారు. 2002లో ఇతర పరిశోధకులు హిప్పార్కస్ స్థానాలను కూడా చేర్చి చూడగా మూడో తార ఉన్నట్టు తేలింది. కాలం సుమారు 93 ఏళ్లు వచ్చింది.

1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణపు నీడ జపాల్-రంగాపూర్ మీదుగా వెళ్లింది. రెండు నిమిషాలకు పైగా సూర్యుడు పూర్తిగా కనుమరుగయ్యాడు. దేశవిదేశాల బృందాలు అక్కడ మకాం వేసి కరోనాను పరిశీలించాయి. విశ్వవిద్యాలయం రేడియో దూరదర్శినితో గ్రహణాన్ని నమోదు చేసింది. 1985-86లో హేలీ తోకచుక్కను కూడా ఇక్కడినుంచి పరిశీలించారు.

స్ఫటిక భౌతికశాస్త్రం

స్ఫటికం ఏ దిశలో నొక్కితే ఎంత ముడుచుకుంటుందో చెప్పే సంఖ్యలు స్థితిస్థాపక స్థిరాంకాలు. ఉప్పు వంటి ఘన వ్యవస్థ స్ఫటికానికి అవి మూడు చాలు. సౌష్ఠవం దాదాపు లేని త్రినతాక్ష స్ఫటికానికి 21 కావాలి. ప్రతి భౌతిక ధర్మానికీ 32 స్ఫటిక తరగతుల్లో ఒక్కోదానికి ఎన్ని స్వతంత్ర సంఖ్యలు ఉంటాయో ప్రయోగం చేయకుండానే సమూహ సిద్ధాంతంతో చెప్పవచ్చునని భగవంతం చూపించాడు. ఒత్తిడి పెట్టినప్పుడు పారదర్శక స్ఫటికంలో ద్వివక్రీభవనం మారడాన్ని కాంతి స్థితిస్థాపక ఫలితం అంటారు. పందొమ్మిదో శతాబ్దిలో జర్మన్ శాస్త్రజ్ఞుడు పోకెల్స్ దీనికి ఇచ్చిన పట్టికలో కొన్ని తరగతుల లెక్క తప్పని భగవంతం 1942లో తేల్చాడు. ఘన వ్యవస్థలోని రెండు తరగతుల స్ఫటికాలకు మూడు కాక నాలుగు స్థిరాంకాలుండాలన్నది ఆయన ఫలితం. బేరియం నైట్రేట్ వంటి స్ఫటికాల మీద జరిపిన ప్రయోగాలు దాన్ని ధ్రువపరిచాయి. ఉస్మానియాలో ఈ దారిలో పనిచేసిన టి.ఎస్. నరసింహమూర్తి 1981లో స్ఫటికాల కాంతి స్థితిస్థాపక, విద్యుత్ కాంతి ధర్మాల మీద వెలువరించిన గ్రంథం ఈ రంగంలో ప్రామాణికమైనది.

ప్రయోగం చూడటానికి తేలిక, చేయడానికి కష్టం. స్ఫటికాన్ని అక్షాల ప్రకారం కోసి, ముఖాలను అద్దంలా నునుపు చేసి, మీట చివర బరువులు వేలాడదీసి ఒత్తిడి పెడతారు. ధ్రువిత కాంతి దానిగుండా వెళ్లాక వచ్చిన మార్పును కొలుస్తారు. కోతలో ఒకటి రెండు డిగ్రీల తేడా వచ్చినా ఫలితం చెడుతుంది.

మరో పరంపర ఎక్స్ కిరణాలది. వేడి చేసినప్పుడు స్ఫటికంలో పరమాణువుల మధ్య దూరం ఎంత పెరుగుతుందో ఎక్స్ కిరణ వివర్తనంతో కొలవవచ్చు. వి.టి. దేశ్‌పాండే, డి.బి. సిర్దేశ్‌ముఖ్ 1960ల మొదట్లో తగరం రెండు దిశల్లో వేర్వేరుగా వ్యాకోచించడాన్ని ఇలా కొలిచి ప్రచురించారు. సిర్దేశ్‌ముఖ్ తరవాత వరంగల్లు కాకతీయ విశ్వవిద్యాలయానికి వెళ్లి అక్కడ స్ఫటిక భౌతికశాస్త్రాన్ని నిలబెట్టాడు. సహచరులతో కలిసి 2001లో క్షార హాలైడుల భౌతిక ధర్మాల మీద ఒక కరదీపిక ప్రచురించాడు.

అతిధ్వనులు, వర్ణపటాలు

చెవికి వినపడనంత ఎక్కువ పౌనఃపున్యం గల ధ్వనిని ద్రవంలోనో, స్ఫటికంలోనో పంపితే లోపల దట్టమైన, పలచని పొరలు వరుసగా ఏర్పడతాయి. అవి కాంతికి జాలకంలా పనిచేసి దాన్ని చీలుస్తాయి. దీని సిద్ధాంతాన్ని రామన్, నాగేంద్రనాథ్ 1935-36లో ఇచ్చారు. చీలిన కాంతిరేఖల ఎడాన్నిబట్టి ధ్వని వేగం, వేగాన్నిబట్టి స్థితిస్థాపకత లెక్కకు వస్తాయి. వాల్తేరులో భగవంతం బృందం ఈ పద్ధతిని విస్తృతంగా వాడింది. ఉస్మానియాలో ద్రవ మిశ్రమాలకు, కాంతి చొరని ఘనపదార్థాలకు కూడా అతిధ్వని పద్ధతులు వాడారు. రామన్, పరారుణ వర్ణపటాలతో అణువుల మధ్య హైడ్రోజన్ బంధాలను పరిశీలించిన పని కూడా ఈ విభాగంలో చాలాకాలం సాగింది.

అయస్కాంత, విద్యుత్ పదార్థాలు

1970ల తరవాత విభాగం మొగ్గు ఘనస్థితి పదార్థాల తయారీవైపు తిరిగింది. ఫెర్రైట్లు ఇందుకు ముఖ్యమైన ఉదాహరణ. ఇనుప ఆక్సైడును నికెల్, జింక్, లిథియం వంటి లోహాల ఆక్సైడులతో కలిపి, గంటల కొద్దీ నూరి, వెయ్యి డిగ్రీల సెల్సియస్‌కు పైగా కాల్చితే వచ్చే ఈ పింగాణీ పదార్థాలకు అయస్కాంతత్వం ఉంటుంది, విద్యుత్తును మాత్రం తేలిగ్గా పోనివ్వవు. అందువల్ల అధిక పౌనఃపున్య పరికరాల్లో, ట్రాన్స్‌ఫార్మర్ల కోర్‌లలో వాడతారు. 1990ల నుంచి అయస్కాంత క్షేత్రంలో పెట్టగానే విద్యుత్ నిరోధం భారీగా తగ్గే మాంగనైట్లు, ఆ తరవాత నానో పరిమాణపు పొడులు, పలుచని పొరలు ఈ జాబితాలో చేరాయి. కొలిమి, నూరే రోలు, ఎక్స్ కిరణ యంత్రం ఉంటే మొదలుపెట్టగల పని కావడం దీని వ్యాప్తికి ఒక కారణం. తెలుగు రాష్ట్రాల విశ్వవిద్యాలయాల్లో ఈనాటికీ భౌతికశాస్త్ర సిద్ధాంత గ్రంథాల్లో గణనీయమైన భాగం పదార్థ విజ్ఞానం మీదే ఉంటుంది.

సిద్ధాంత పరిశోధన

అభ్యంకర్, ఎ.ఎల్. ఫైమాట్‌తో కలిసి గ్రహ వాతావరణాల్లో కాంతి పరిక్షేపణకు సంబంధించిన గణిత పట్టికలను 1971లో ప్రచురించాడు. సూర్యకాంతి వాయు పొరల్లో అనేకసార్లు చెదిరి బయటికి వచ్చేటప్పుడు దాని ధ్రువణం ఎంతో లెక్కించడానికి అవి తోడ్పడతాయి. ఉన్నత శక్తి కణాలు, క్వాంటం కాంతిశాస్త్రం వంటి రంగాల్లో హైదరాబాదు నగరంలో ప్రధాన కేంద్రం ఉస్మానియా కాదు, 1974లో ఏర్పడ్డ హైదరాబాదు విశ్వవిద్యాలయం. క్వాంటం కాంతిశాస్త్రంలో ప్రసిద్ధుడైన గిరీశ్ అగర్వాల్ 1977 నుంచి 1995 వరకు అక్కడ ఆచార్యుడుగా ఉన్నాడు.

పరిశోధన నడిచే తీరు

ఎం.ఎస్‌సి. తరవాత పరిశోధనలో చేరేవారిలో కొందరు కేంద్ర స్థాయి నెట్ పరీక్షలో అర్హత సాధించి ఫెలోషిప్ పొందుతారు. ఈ జూనియర్ ఫెలోషిప్ 2023 నుంచి నెలకు 37,000 రూపాయలు. మిగిలినవారు విశ్వవిద్యాలయ ప్రవేశ పరీక్ష ద్వారా వస్తారు. వీరిలో చాలామంది జూనియర్, డిగ్రీ కళాశాలల్లో పాఠాలు చెబుతూనే పరిశోధన చేస్తారు. పరికరాలకు డబ్బు నిధుల సంఘం నుంచి, కేంద్ర శాస్త్ర సాంకేతిక శాఖ నుంచి, రక్షణ, అణుశక్తి సంస్థల ప్రాజెక్టుల నుంచి వస్తుంది. విభాగంలో లేని కొలతలకు నమూనాను నగరంలోని మరో సంస్థకు తీసుకెళ్లడం మామూలే.

ఈ సౌకర్యం విషయంలో హైదరాబాదుకు సాటివచ్చే నగరాలు దేశంలో తక్కువ. ఉప్పల్ రోడ్డులో 1961లో నెలకొన్న జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ, కంచన్‌బాగ్‌లో రక్షణ లోహ పరిశోధనశాల, అణు ఇంధన సముదాయం, బేగంపేటలో అణు ఖనిజాల సంచాలనాలయం, టాటా మౌలిక పరిశోధన సంస్థ వారి బెలూన్ కేంద్రం ఈ నగరంలోనే ఉన్నాయి. బెలూన్ కేంద్రం ఇక్కడ ఉండటానికి భౌతిక కారణమే ఉంది. భూ అయస్కాంత మధ్యరేఖకు దగ్గర కావడంతో తక్కువ శక్తి గల విశ్వకిరణాలు ఇక్కడికి చేరవు. అందువల్ల పైవాతావరణంలో ఎక్స్ కిరణాలను కొలిచేవారికి అడ్డువచ్చే సందడి తగ్గుతుంది.

అమీర్‌పేట, పంజగుట్టలతో సంబంధం

అమీర్‌పేటకు, నిజామియా ఆవరణకు తపాలా పిన్ ఒకటే, 500016. నేడు అమీర్‌పేట పేరు చెప్పగానే మైత్రీవనం, ఆదిత్య ఎన్‌క్లేవ్ పరిసరాల సాఫ్ట్‌వేర్ శిక్షణ కేంద్రాలు గుర్తుకొస్తాయి. రెండు తెలుగు రాష్ట్రాల జిల్లాల నుంచి వచ్చే డిగ్రీ, పీజీ విద్యార్థుల్లో భౌతికశాస్త్రం చదివినవారు కూడా హాస్టళ్లలో ఉండి అక్కడ కంప్యూటర్ కోర్సులు నేర్చుకుని ఉద్యోగాలకు వెళతారు. పరిశోధనలోకి రావలసిన విద్యార్థుల్లో ఒక భాగం ఇలా మరలిపోవడం విభాగాలకు నష్టమే. గణించడం, కొలతలో దోషాన్ని అంచనా కట్టడం వంటి నేర్పులు ఆ విద్యార్థులకు కొత్త వృత్తిలో ఉపయోగపడడం కూడా నిజమే.

పంజగుట్టలో భౌతికశాస్త్రం నిజామ్స్ వైద్య విజ్ఞాన సంస్థలాంటి ఆసుపత్రుల్లో కనిపిస్తుంది. 1964లో నిజాం ఎముకల ఆసుపత్రిగా మొదలైన ఈ సంస్థ నేడు విశ్వవిద్యాలయ హోదా గల బోధనాసుపత్రి. కాన్సరుకు రేడియేషన్ చికిత్స చేసే చోట ఎంత మోతాదు ఏ కణజాలానికి చేరుతుందో లెక్కించే బాధ్యత వైద్య భౌతిక శాస్త్రజ్ఞుడిది. అణుశక్తి నియంత్రణ మండలి నిబంధనల ప్రకారం అలాంటి చోట అర్హత గల వికిరణ భద్రతాధికారి ఉండి తీరాలి. భౌతికశాస్త్రం ఎం.ఎస్‌సి. చేసి, భాభా అణు పరిశోధన కేంద్రంలో ఏడాది డిప్లొమా పూర్తిచేసినవారు వైద్య భౌతిక శాస్త్రజ్ఞుడి పనికి అర్హులు.

నిజామియా నుంచి వచ్చిన వారసత్వం

ఈ వేధశాలలో సహాయకుడుగా పనిచేసిన ఒక ఉద్యోగి కుమారుడు వేణు బాపు. 1927లో పుట్టి, హైదరాబాదులో పెరిగి, నిజాం కళాశాలలో చదివాడు. తండ్రి వెంట వేధశాలకు వెళుతూ చిన్నతనంలోనే ఆకాశ పరిశీలన అలవరచుకున్నాడు. హైదరాబాదు ప్రభుత్వ ఉపకార వేతనంతో హార్వర్డ్ వెళ్లి, 1949లో తన పేరు గల తోకచుక్కను కనుగొన్నాడు. ఓలిన్ విల్సన్‌తో కలిసి 1957లో ప్రకటించిన విల్సన్-బాపు ఫలితం, నక్షత్ర వర్ణపటంలోని ఒక కాల్షియం గీత వెడల్పును బట్టి ఆ నక్షత్రపు నిజమైన వెలుగును తెలుసుకునే మార్గం. బెంగుళూరులోని భారతీయ ఖగోళ భౌతిక సంస్థకు ఆయన వ్యవస్థాపక సంచాలకుడు. తమిళనాడులో కావలూరు వేధశాల నేడు ఆయన పేరుతో ఉంది.

ప్రస్తుత స్థితి

బేగంపేట విమానాశ్రయం, ఆ తరవాత వీధి దీపాలు, ఎత్తైన భవనాలు నిజామియా చీకటిని హరించాయి. అక్కడ పరిశీలనలు ఆగిపోయి చాలా కాలమైంది. జపాల్-రంగాపూర్‌లో కూడా 1990ల తరవాత పరిశీలనలు బాగా తగ్గాయి. ఖగోళశాస్త్ర విభాగం బోధన కొనసాగిస్తోంది. స్ఫటిక, పదార్థ భౌతికశాస్త్రం భౌతికశాస్త్ర విభాగంలో ప్రధాన రంగాలుగా ఉన్నాయి. నిజామియా ఆవరణలో 1980లో ఏర్పడ్డ ఆర్థిక, సామాజిక అధ్యయనాల కేంద్రం పనిచేస్తోంది. గ్రబ్ దూరదర్శిని కోసం కట్టిన గోపురం ఆ ఆవరణలోనే ఉంది.